డిఫరెన్షియల్ బుష్షు... అమ్మ మోకాలు

ఆ చప్పుడు ముందు విన్నది నేను కాదు, అమ్మ.

గుంటూరులో ఎముకల డాక్టరుకి చూపించుకుని తిరిగి వస్తున్నాం. చిలకలూరిపేట దగ్గర హైవే వదిలేసి, పర్చూరు వైపు వచ్చి, మా ఊరి డొంక రోడ్డు ఎక్కేచోట గేరు తగ్గించి క్లచ్ వదిలాను. ‘‘ఏందిరా అది? నా సీటు కింద ఎవరో గునపంతో పొడిచినట్టుంది’’ అంది వెనక సీట్లోంచి. నాకేం వినపడలేదు. పాటలు పెట్టుకుని డ్రైవ్ చేసేవాడికి బండి గోడు ఎట్టా వినపడుద్ది?

పాటలు ఆపి మళ్ళీ ఆగి, మళ్ళీ కదిలించాను. ‘దడ్’. ఈసారి నాకూ వినపడింది. అమ్మ రెండు చేతులతో కుడి మోకాలు పట్టుకుంది.

డాక్టరు చెప్పింది అంతకు గంట ముందే. రెండు మోకాళ్ళలోనూ గుజ్జు అరిగిపోయింది, కుడిది మరీ ఎక్కువ, మార్చాల్సిందే అని. ముప్పై ఏళ్ళు మిరప చేలో వంగి కోతలు కోసిన మనిషి. ‘‘కోతలయ్యాక చూద్దాం లెండి’’ అని డాక్టరు దగ్గరే బేరం పెట్టింది. మార్చి చివర్లో ఒక సోమవారం చేరమన్నారు. అంటే ఆ కొత్త మోకాలితో అమ్మ ఇంటికి రావాల్సింది ఇదే బండిలో, ఇదే డొంక మీద, ఇదే ‘దడ్’ వింటూ.

బండి పేరు చెప్పను. పదేళ్ళు దాటిన ఫోర్ వీల్ డ్రైవ్ ఎస్‌యూవీ, సెకండ్ హ్యాండ్‌లో కొన్నా. తప్పు దానిది కాదు కాబట్టి పేరు అనవసరం.

నా సంగతి కూడా చెప్పాలి. నేను మెకానికల్ ఇంజినీర్ని. సర్టిఫికెట్ ప్రకారం. జేఎన్‌టీయూకే అనుబంధ కాలేజీలో బీటెక్ చదివి, ఫైనలియర్ క్యాంపస్‌లో సాఫ్ట్‌వేర్‌కి వెళ్ళిపోయిన వేలమందిలో ఒకణ్ణి. ఆటోమొబైల్ ఇంజినీరింగ్ పరీక్షలో డిఫరెన్షియల్ బొమ్మ గీసి, భాగాలు గుర్తించి, మంచి మార్కులే తెచ్చుకున్నా. నిజం డిఫరెన్షియల్‌ని మాత్రం చేత్తో ఎన్నడూ ముట్టుకోలేదు. ఏడేళ్ళుగా హైదరాబాద్‌లో కోడ్ రాస్తున్నా. నెలలో పది రోజులు ఊరినుంచే పని.

బగ్ ఎక్కడుందో పట్టుకోవడం

ముందు చేసిన తప్పు చెప్తా. ఒక వర్క్‌షాపులో ‘షాక్ అబ్జార్బర్లు పోయాయి’ అంటే నమ్మి వెనకవి రెండూ మార్పించా. డబ్బులు పోయాయి, దడ్ పోలేదు. ఆఫీసులో జూనియర్ ఎవరైనా లాగ్ చూడకుండా కోడ్ మారిస్తే నేను అరుస్తా. సొంత బండి దగ్గర అదే పని చేశా.

తర్వాత బుద్ధిగా మొదలుపెట్టా. మా బండిలో ఒక నాబ్ ఉంటుంది. ఒకవైపు తిప్పితే ముందు రెండు చక్రాలే లాగుతాయి, ఇంకోవైపు లాక్‌లో పెడితే నాలుగూ లాగుతాయి. ఖాళీ రోడ్డు మీద రెండింటిలోనూ ఆగుతూ, కదులుతూ చూశా. టూ వీల్ మోడ్‌లో చప్పుడు దాదాపు లేదు. లాక్‌లో పెట్టి క్లచ్ వదిలితే సీటు దాకా కొట్టింది. రివర్స్ నుంచి ఫస్టుకి మార్చినప్పుడు ఇంకా గట్టిగా. అంటే గుంతల్లో పడ్డప్పుడు కాదు, వెనక చక్రాలకి బలం వెళ్ళినప్పుడే చప్పుడు. షాక్ అబ్జార్బర్లకీ దీనికీ సంబంధమే లేదు.

ఆ తర్వాత పాత ఫోన్ ఒకటి స్లో మోషన్ వీడియోలో పెట్టి, గుడ్డలో చుట్టి, వెనక సబ్‌ఫ్రేమ్‌కి వైరుతో కట్టా. పక్కన చిన్న టార్చి. నాలుగడుగులు ముందుకి, నాలుగడుగులు వెనక్కి. వీడియో చూస్తే గుండె ఆగినంత పనయింది. పుచ్చకాయంత ఇనుప ముద్ద, అదే డిఫరెన్షియల్, క్లచ్ వదిలిన ప్రతిసారీ ఎడమవైపు వేలెడు మందం పైకి ఎగిరి ఫ్రేముకి కొడుతోంది. దాన్ని పట్టుకుని ఉండాల్సిన రబ్బరు బుష్షు చిరిగి, సగం బయటికి వేలాడుతోంది.

ఒక్క మాట. బండి కదులుతుండగా దాని కింద ఫోన్ ఉండొచ్చు, మనిషి ఉండకూడదు.

ఎడ్లబండికి అక్కర్లేనిది

డిఫరెన్షియల్ అంటే ఏంటో తెలీనివాళ్ళకి మా నాన్న చెప్పే పద్ధతే నయం. ఎడ్లబండి మలుపు తిరిగేటప్పుడు లోపలి చక్రం మెల్లగా, బయటి చక్రం జోరుగా తిరుగుతాయి. ఇరుసు మీద దేనికది వదులుగా ఉంటుంది కాబట్టి పేచీ లేదు. ఇంజను బండిలో అలా కుదరదు. రెండు చక్రాలకీ బలం ఇవ్వాలి, మళ్ళీ దేని వేగం దానికి ఉండాలి. మా బండి చక్రాల మధ్య దూరం మీటరున్నర. యూ టర్న్ తీసుకుంటే బయటి చక్రం లోపలిదానికన్నా సుమారు 4.7 మీటర్లు ఎక్కువ నడుస్తుంది. మలుపు ఇరుకైనా, వెడల్పైనా అదే తేడా (నమ్మకపోతే లెక్క వేసుకోండి, పై ఇంటూ ఒకటిన్నర). ఆ తేడాని సర్దేది డిఫరెన్షియల్. 1820ల చివర్లో ఫ్రాన్స్‌లో ఒనెసిఫోర్ పెకర్ అనే గడియారాలు చేసే ఆయన ఆవిరి బండి కోసం దీనికి పేటెంట్ తీసుకున్నాడు.

మా పొలాల్లో దీని సంగతి అందరికీ తెలుసు, ఇంకో రకంగా. వానాకాలం నల్లరేగడిలో ట్రాక్టర్ దిగబడితే ఒక చక్రం గిర్రున తిరుగుతుంటుంది, రెండోది కదలదు. తేడా సర్దే పెద్దమనిషి ఉన్న బలమంతా తేలిగ్గా తిరిగేవాడికే ఇచ్చేస్తాడు మరి. అప్పుడు డ్రైవరు మడమ దగ్గరున్న పెడల్ తొక్కుతాడు. డిఫరెన్షియల్ లాక్. రెండు చక్రాలూ ఒకటై లాగి బయటపడతాయి. నేను పుస్తకంలో చదవకముందే నాన్న ఆ పెడల్ వెయ్యిసార్లు తొక్కి ఉంటాడు.

మరి బుష్షు పనేంటి? చేత్తో పట్టుకునే డ్రిల్లింగ్ మిషన్ ఆన్ చేస్తే మన మణికట్టు రెండోవైపుకి మెలి తిరుగుద్ది కదా, అదే. చక్రాలని ముందుకి తిప్పాలంటే డిఫరెన్షియల్ తాను వెనక్కి మెలి తిరగాలని చూస్తుంది. ఇంజను బలం ఫస్టు గేర్లో మూడు నాలుగు రెట్లయి వస్తుంది, అక్కణ్ణించి డిఫరెన్షియల్‌లో ఇంకో నాలుగు రెట్లు. ఆ మెలిని పట్టుకోవాలి, కానీ ఇనుముకి ఇనుము బిగిస్తే గేర్ల మోత, అదురు అంతా నేరుగా సీట్లోకి వచ్చేస్తాయి. అందుకని బయట ఒక ఇనుప గొట్టం, లోపల ఇంకో చిన్న గొట్టం, రెంటి మధ్యా అంటించిన రబ్బరు. రెండు ఎముకల మధ్య గుజ్జు. ఈ పోలిక నాది కాదు, అమ్మదే. వీడియో చూపించి ఇదంతా చెప్తే, ‘‘దీనికీ గుజ్జు అరిగిందన్నమాట’’ అని నవ్వింది.

సర్వీస్ సెంటర్‌కి ఫోన్ చేశా. ‘‘బుష్ విడిగా రాదు సార్, మొత్తం అసెంబ్లీ మార్చాలి. పార్టు రావడానికి మూడు వారాలు’’ అన్నారు. ముప్పై వేలు పైమాటే. అమ్మ ఆపరేషన్‌కి పదకొండు రోజులుంది. డబ్బు సంగతి ఎట్టున్నా, మూడు వారాలు మా దగ్గర లేవు.

దూరబాక!

మా ఇంటి వెనక వీధిలో ఒక బాబాయ్ ఉన్నాడు. నలభై ఏళ్ళు లారీల కింద పడుకుని పనిచేసి, చూపు తగ్గాక మానేశాడు. ఊరంతా మేస్త్రీ అంటారు. వీడియో ఫోన్‌లో పెద్దది చేసి చూపిస్తే కళ్ళజోడు తీసి, పెట్టి, ‘‘చెయ్యొచ్చు. నా చేతులు, నీ కళ్ళు’’ అన్నాడు. గురువారం, శుక్రవారం లీవు పెట్టా.

ఎక్కడ చెయ్యాలన్నదే మొదటి చిక్కు. మా నేలంతా నల్లరేగడి. తడిస్తే ఉబ్బుద్ది, ఎండితే చెయ్యి పట్టేంత నెర్రెలు విచ్చుద్ది. దాని మీద వేసిన రోడ్లన్నీ అలలు తిరిగి ఉండేది అందుకే, మా బుష్షు చిరగడంలో ఆ అలలకీ వాటా ఉంది. అలాంటి నేల మీద జాకీ పెడితే దిగిపోతుంది. సిమెంటు నేల ఉన్నది ఒక్క కల్లంలోనే. అక్కడేమో చివరి కోత మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. నాన్న కాసేపు గొణిగి, కాయల్ని ఒకపక్కకి పట్టాలతో లాగి, బండి పట్టేంత చోటిచ్చాడు. ఎర్రటి కాయల గుట్ట పక్కన బండి కింద వెల్లకిలా పడుకుంటే ఎలా ఉంటుందో మాటల్లో చెప్పలేను. గాలి తిరిగినప్పుడల్లా తుమ్ములు. కళ్ళు తుడుచుకుందామంటే చేతులకి గ్రీజు.

ముందు చక్రాలకి అటూ ఇటూ రాళ్ళు అడ్డం పెట్టి, వెనక జాకీతో లేపి, నేను కిందకి దూరబోతుంటే నాన్న కాలర్ పట్టుకుని లాగాడు. ‘‘జాకీని నమ్మి దూరబాక!’’

నేను వాదించా. మూడు టన్నుల హైడ్రాలిక్ జాకీ నాన్నా, మన బండి బరువు అందులో సగం కూడా ఉండదు అని. నాన్న వినలేదు. చిన్నప్పుడు ట్రాక్టర్ ట్రక్కు కింద ఇట్టాగే దూరిన స్నేహితుణ్ణి బయటికి లాగినవాళ్ళలో ఆయనొకడు. ఆ సంగతి ఇంట్లో ఎప్పుడూ పూర్తిగా చెప్పడు, ఆ రోజూ చెప్పలేదు. వెళ్ళి ఎక్కడినుంచో రెండు ఇనుప స్టాండ్లు అరువు తెచ్చాడు. చాలదన్నట్టు ఫ్రేము కింద అడ్డంగా టేకు దుంగలు పేర్చాడు. ఇటుకలు పెట్టబోతే బాబాయ్ వద్దన్నాడు, ఇటుక చెప్పకుండా పగులుద్దట.

మధ్యాహ్నం అన్నం తిని వచ్చేసరికి జాకీ రెండంగుళాలు కిందకి దిగి ఉంది. సీలు పోయిందేమో, అడుగున నూనె మరక. బండి మాత్రం స్టాండ్ల మీద కదలకుండా నిలబడి ఉంది. ఎవరం ఏమీ మాట్లాడలేదు. నాన్న జాకీని కాలితో పక్కకి నెట్టి, వేరేది తేవడానికి వెళ్ళాడు. ఈ వ్యాసంలో మీకు బుష్షు సంగతి గుర్తుండకపోయినా ఫర్వాలేదు, ఆ రెండంగుళాలు గుర్తుపెట్టుకోండి.

పని మొదలయ్యాక బాబాయ్ చెప్పిన మొదటి సూత్రం నాకు భలే నచ్చింది. డిఫరెన్షియల్‌కి రెండు నట్లుంటాయి. కిందది నూనె వదలడానికి, పైది పోయడానికి. ముందు పైది ఊడుతుందో లేదో చూసుకున్నాకే కిందది ఊడదియ్యాలి. నూనంతా కార్చేశాక పైది తుప్పుతో బిగుసుకుపోయి ఉంటే, ఇక బండి అక్కడే. బ్యాకప్ తీశాం సరే, అది తిరిగి ఎక్కుద్దో లేదో ఎవరు చూశారు? మా ఆఫీసులో ఈ పాఠం ఒక సర్వర్ పోయాక నేర్చుకున్నాం.

గేరు నూనె కంపు తెలుసు కదా, కుళ్ళిన గుడ్డు వాసన. పళ్ళ మీద ఒత్తిడికి తట్టుకోడానికి కలిపే గంధకం వల్ల అది. ఆ కంపు పైన మిరప ఘాటు.

సైలెన్సర్ గొట్టాన్ని రబ్బరు కొక్కేలనుంచి తప్పించాం. ప్రొపెల్లర్ షాఫ్టు ఎలా ఉందో అలాగే మళ్ళీ బిగించాలి, లేకపోతే అదురు వస్తుంది. చెల్లి నెయిల్ పాలిష్‌తో రెండు అంచుల మీదా గీత పెట్టి, నాలుగు బోల్టులు తీశాం. ఎడమ చక్రానికి వెళ్ళే షాఫ్టు బయటికి లాగాం. మూడు మౌంటింగ్ బోల్టుల్లో రెండు మర్యాదగా వచ్చాయి. మూడోది రాలేదు. తుప్పు వదిలే నూనె కొట్టి రెండు గంటలు ఆగి, పానాకి మీటరు పొడవు గొట్టం తగిలించి ఇద్దరం లాగాం. ‘కిర్ర్’ మని అరిచి కదిలింది. నాకు ఇప్పటిదాకా వచ్చిన ప్రమోషన్లలో దేనికీ అంత ఆనందం కలగలేదు.

ఇరవై కిలోల దాకా ఉండే డిఫరెన్షియల్‌ని, అంటే సగం మిర్చి టిక్కీ బరువుని, మెల్లగా జాకీ మీద దించాక అసలు దోషి కనపడింది. చిరిగిన బుష్షు రబ్బరు ఉబ్బి, జిగురుగా, వేలితో నొక్కితే బంకలా ఉంది. కుడివైపుది ఎండి గట్టిగానే ఉంది. ఎడమది ఎందుకిట్టా అయింది? బాబాయ్ వేలు పెట్టి పైకి చూపించాడు. ఎడమ షాఫ్టు దగ్గర ఆయిల్ సీలు నుంచి నూనె జారి, ఏళ్ళ తరబడి బుష్షు మీద చుక్క చుక్క కారింది. సహజ రబ్బరుకి ఖనిజ నూనె పడదు, పీల్చుకుని ఉబ్బి మెత్తబడిపోతుంది. మేం వట్టి బుష్షు మార్చి ఊరుకుని ఉంటే ఏడాదిలో మళ్ళీ ఇదే కథ. చిన్న రబ్బరు రింగు ఆ సీలు. అసలు బగ్ అది.

పాతదాన్ని ఊడబెరకడమే పెద్ద పని. లారీల రోజుల్లో కాల్చి తీసేవాళ్ళట. పక్కన నూనె, ఇంకోపక్క ఎండు మిరపకాయలు, ఆ మాట ఎత్తగానే నాన్న మొహం చూడాల్సింది. డ్రిల్లుతో రబ్బరు చుట్టూ వరసగా కన్నాలు పెట్టి మధ్య ముద్దని తోసేశాం. మిగిలిన ఇనుప గొట్టాన్ని హ్యాక్సా బ్లేడు లోపలికి దూర్చి ఒకచోట నిలువునా కోశాం. కోసేది గొట్టాన్నే, దాని వెనకున్న ఫ్రేము కన్నానికి గీత పడకూడదు. అందుకని చివరి పొర వదిలేసి, ఉలితో లోపలికి ముడిచాం. అదే వదులై వచ్చేసింది. మొదలుపెట్టే ముందే బుష్షు ఏ దిక్కున కూర్చుందో ఫోటో తీసుకున్నా. రబ్బరులో రెండు ఖాళీలుంటాయి, ఒకవైపు మెత్తగా, ఇంకోవైపు గట్టిగా ఉండటానికి. తలకిందులుగా పెడితే కొత్తదైనా పనికిరాదు.

ఆటోనగర్‌లో వెర్నియర్

శుక్రవారం పొద్దున పాత బుష్షు ముక్కలు క్యారీ బ్యాగులో వేసుకుని బస్సెక్కా. విజయవాడ జవహర్ ఆటోనగర్‌కి మా జిల్లాల లారీ వాళ్ళకి తీర్థయాత్ర లాంటి పేరుంది. (మాది ప్రకాశం జిల్లా. 2022 ఏప్రిల్ నుంచి బాపట్లలో కలిపారు, నాన్న మాత్రం ఇప్పటికీ ప్రకాశమనే చెప్తాడు.) నేను నెట్‌లో వెతికి పట్టుకున్న పార్టు నంబర్ మొదటి షాపులో చెప్తే ఆయన నంబర్ వైపు చూడనుకూడా లేదు. ముక్క ఇవ్వమని, వెర్నియర్‌తో బయటి కొలత, లోపలి కొలత, పొడవు చూసి, కుర్రాణ్ణి వేరే వీధికి పంపాడు. వెర్నియర్! ఫస్టియర్ ల్యాబ్‌లో రికార్డు కోసం మాత్రమే నేను పట్టుకున్న వస్తువు. ఇరవై నిమిషాల్లో కుర్రాడు రెండు బుష్షులు తెచ్చాడు. ఒకటి నల్ల రబ్బరు, ఒకటి ఎర్రటి పాలీయూరిథేన్.

‘‘ఎర్రది తీసుకోండి, జన్మలో అరగదు’’ అన్నాడు షాపాయన. నిజమే, అది రబ్బరుకన్నా గట్టిది, నూనెకి చెడదు. రేసు బండ్ల వాళ్ళు ఇష్టపడతారు. కానీ గట్టిది కాబట్టే అదురుని మింగదు, పైకి పంపిస్తుంది. బాబాయ్‌కి ఫోన్ చేశా. ‘‘అది అరగదురా. మీ అమ్మ నడుం అరుగుద్ది’’ అన్నాడు. నల్లదే తీసుకున్నా. సీలుతో కలిపి రెండు వేలు కూడా కాలేదు. నూనె అదనం.

తిరిగొచ్చేటప్పుడు చిలకలూరిపేటలో లేత్ షాపు దగ్గర ఆగి, కొలతలిచ్చి, రెండు ఇనుప కప్పులు చేయించా. ఒకటి కొత్త బుష్షు బయటి అంచు మీద సరిగ్గా ఆనేది, రెండోది అవతలి పక్కన ఆసరాకి. వాటి మధ్యనుంచి పొడవాటి థ్రెడ్ రాడ్డు పోనిచ్చి, నట్టు బిగిస్తే బుష్షు లోపలికి ఎక్కుతుంది. సుత్తితో మధ్యలో కొడితే రబ్బరు అతుకు ఊడిపోతుంది, నొక్కాల్సింది అంచునే.

రాత్రి బుష్షుని పాలిథిన్ కవర్లో చుట్టి డీప్ ఫ్రీజర్‌లో పెట్టా. అమ్మ తలుపు తీసి, ‘‘బఠాణీల పక్కన ఇదేందిరా’’ అంది. ఇక్కడ నా డిగ్రీ పనికొచ్చింది, ఒప్పుకోవాలి. ఉక్కు ఒక్కో డిగ్రీకి పది లక్షల్లో పన్నెండు వంతులు కుదించుకుంటుంది. 60 మిల్లీమీటర్ల గొట్టం, 50 డిగ్రీల తేడా. లెక్క వేస్తే 0.036 మిల్లీమీటర్లు. వెంట్రుక మందంలో సగం. ఇంతేనా అనిపిస్తుంది గానీ, బిగుతుగా కూర్చునే భాగాలకి ఆ సగం వెంట్రుకే తేడా. కాయితం మీద ఆ లెక్క చూపిస్తే బాబాయ్, ‘‘మేం ఐసు గడ్డలో పెట్టేవాళ్ళం, ఎందుకో తెలీదు’’ అన్నాడు.

శనివారం తెల్లారకముందే లేచాం, ఎండ ఎక్కితే ఫ్రీజర్ శ్రమ వృథా. కన్నాన్ని ఎమెరీ కాగితంతో శుభ్రం చేసి, సబ్బు నీళ్ళు రాశాం. గ్రీజు వద్దు, ఆ గొడవ వల్లే కదా ఇదంతా. మొదటిసారి నట్టు బిగిస్తుంటే బుష్షు వంకరగా ఎక్కింది. నేను ఇంకో రెండు చుట్లు తిప్పితే సర్దుకుంటుందన్నా. బాబాయ్ నా చెయ్యి పట్టుకుని ఆపాడు. కళ్ళు సరిగ్గా కనపడవు గానీ అంచు మీద వేళ్ళు తిప్పి ఎటువైపు ఎత్తు ఉందో చెప్పేశాడు. తీసి, మళ్ళీ ఫ్రీజర్‌లో రెండు గంటలు. రెండోసారి ఆయన వేళ్ళు అంచు మీద ఉంచి ‘ఊఁ... ఊఁ... ఆగు... ఊఁ’ అంటుంటే నేను తిప్పా. పది నిమిషాల్లో కూర్చుంది.

మిగతాదంతా తీసిన వరసకి తిరగేసి పెట్టడమే. కొత్త సీలు, షాఫ్టు, నెయిల్ పాలిష్ గీతలు కలిపి ప్రొపెల్లర్ షాఫ్టు. డిఫరెన్షియల్ బరువు జాకీ మీదే ఉంచి, బుష్షు ఎటూ లాగుడు పడకుండా మధ్యలో ఉందని చూసుకుని బోల్టులు బిగించాం. ఎంత బిగువో మీ బండి సర్వీస్ మాన్యువల్‌లో ఉంటుంది, టార్క్ రెంచితో అంతే బిగించండి. ఈ ఒక్క విషయంలో మాత్రం ‘చేతి అంచనా చాలు’ అన్న బాబాయ్ మాట నేను వినలేదు. కొంచెం అలిగాడు. పై కన్నం అంచునుంచి జారేదాకా కొత్త నూనె పోసి మూత పెట్టేశాం.

సోమవారం

ఆదివారం లాక్ మోడ్‌లో డొంక మీద పది కిలోమీటర్లు తిప్పా. దడ్ లేదు. తర్వాత కింద టార్చి వేసి చూస్తే నూనె చెమ్మ కూడా లేదు. సోమవారం అమ్మని గుంటూరులో చేర్చాం.

ఆపరేషన్‌కి ముందు డాక్టరు ప్లాస్టిక్ నమూనా చూపించి చెప్పారు. తొడ ఎముక చివర ఒక లోహపు తొడుగు, కాలి ఎముక మీద ఇంకో లోహపు పళ్ళెం, రెంటి మధ్యా రాసుకోకుండా పాలీఇథిలీన్ ముక్క. అమ్మ నావైపు తిరిగి, ‘‘నాకూ బుష్షే వేస్తున్నారు’’ అంది. డాక్టరుకి అర్థం కాలేదు. నాన్నకి అర్థమై, నవ్వబోయి, కిటికీ వైపు తిరిగాడు. ఆయన భయపడుతున్నాడని నాకు అప్పుడు తెలిసింది.

ఆరో రోజు ఇంటికి తెచ్చాం. వెనక సీట్లో దిండ్ల మీద కాలు చాపి కూర్చోబెట్టాం. నలభై దాటకుండా నడిపా. హైవే మీద నిద్రపోయింది. చిలకలూరిపేట దాటినా లేవలేదు. డొంక మలుపులో గేరు తగ్గించి, ఊపిరి బిగబట్టి, క్లచ్ మెల్లగా వదిలా. బండి నిశ్శబ్దంగా తిరిగింది. వీధి చివర మేస్త్రీ బాబాయ్ అరుగు మీద కూర్చుని ఉన్నాడు. బండి కనపడకపోయినా చెవి మాత్రం ఇటే పెట్టాడు.

ఇంటి ముందు ఆపాక అమ్మ కళ్ళు తెరిచింది. ‘‘వచ్చేశామా? డొంక ఎప్పుడెక్కాం? ఆ దడ్ వస్తే ఇల్లొచ్చిందని లేచేదాన్ని’’ అంది. నాన్న తలుపు తీసి చెయ్యి అందించాడు. ఒక కాలు నేల మీద పెట్టి, నొప్పికి ఆగి, మళ్ళీ నావైపు చూసింది.

‘‘వెనకది పోయింది గానీ, ముందు ఎడమ చక్రం కాడ ఏదో కిర్రుమంటోందిరా. పేటలో స్పీడు బ్రేకర్ల మీద విన్నా.’’

‘‘నువ్వు పడుకున్నావు కదమ్మా!’’

‘‘కళ్ళు మూసుకున్నాలే’’ అంది.